గేలి, మస్కిరి, అధిక్షేపం: ఆదోని–ఎమ్మిగనూరు ప్రాంతపు పరిహాస పదాలు

ఉపోద్ఘాతం:

తెలుగు సాహిత్య విమర్శలో ఎత్తిపొడుపు కవిత్వానికి స్థిరపడిన పేరు ‘అధిక్షేపం’. సంస్కృతంలో ‘క్షిప్’ ధాతువుకు విసరడమని అర్థం. వేమన పద్యాలను, భల్లా పేరకవి భద్రగిరి శతకాన్ని, గోగులపాటి కూర్మనాథకవి సింహాద్రి నారసింహ శతకాన్ని విమర్శకులు ఈ పేరుతోనే వ్యవహరించారు. నిత్యవ్యవహారంలోని మాటలు వేరు. వాటిలో గేలి, మస్కిరి అనే రెండింటికి కర్నూలు జిల్లా పశ్చిమ భాగపు చరిత్ర మంచి నేపథ్యం.

ప్రాంత నేపథ్యం:

విజయనగర రాజ్యంలో భాగమైన ఆదవాని 1565 నాటి తళ్ళికోట యుద్ధం తరువాత బిజాపూరు సుల్తానులకు, 1688లో మొగలులకు, అనంతరం నిజాం వంశీయులకు వశమైంది. 1800లో దత్తమండలంతో పాటు కుంపిణీ పాలనలోకి వచ్చింది. బళ్ళారి జిల్లాలో ఉన్న ఆదోని తాలూకా 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రంలో చేరింది. పత్తి వ్యాపారానికి ఆదోని, చేనేతకు ఎమ్మిగనూరు కేంద్రాలు కావడంతో తెలుగు, కన్నడం, దక్కనీ ఉర్దూ సంతలో నిత్యం కలిశాయి.

అర్థభేదం:

గేలి తెలుగు, కన్నడాల ఉమ్మడి పదం. ‘చేయు’, ‘మాడు’ అనే క్రియలే వేరు, నామం ఒక్కటే. గేలికి లక్ష్యం మనిషి: అతని రూపం, నడక, పేదరికం. నలుగురి ఎదుట జరిగినప్పుడే అది పూర్తిగా గేలి అవుతుంది.

మస్కిరికి మూలం అరబ్బీ నుండి ఉర్దూలోకి వచ్చిన ‘మస్ఖరీ’. ‘మస్ఖరా’ అంటే విదూషకుడు. అందువల్ల ఇందులో ఆట పాలు ఎక్కువ. ‘మస్కిరికన్నాను’ అని అన్నమాటను వెనక్కు తీసుకోవచ్చు. గేలికి ఆ వెసులుబాటు లేదు.

అధిక్షేపానికి కారణం కావాలి. కూర్మనాథకవి నిందించినది దుర్బలుని కాదు. భక్తులను కాపాడవలసిన దైవాన్ని.

నిఘంటువుల తీరు:

సి.పి. బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడింది. తెలుగులో కలిసిన అన్యదేశ్యాలకు ఆయన 1854లో వేరొక నిఘంటువు ప్రచురించాడు. ఆ విభజన అధ్యయనానికి ఉపకరించేదే. కానీ సంతలో మాట్లాడే మనిషి నోట గేలి, మస్కిరి ఒకే వరుసలోని పదాలు.

ముగింపు:

ఈ మూడింటినీ పర్యాయపదాలుగా లెక్కిస్తే ఎవరు ఎవరిని చూసి నవ్వుతున్నారన్న ప్రశ్న మరుగున పడుతుంది. బలవంతుడు బలహీనుని గేలి చేసి, దానిని మస్కిరి అని తప్పించుకోగలడు. బలహీనుడు బలవంతుని ప్రశ్నిస్తే అది అధిక్షేపం. పదాల మధ్య ఈ హద్దును గుర్తించడం అర్థవిచారానికే కాక న్యాయవిచారానికీ అవసరం.