మతి చలింపజేయు కుక్కగొడుగు

1780వ దశాబ్దమున విశాఖపట్టణములో ప్యాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు వైద్యుడు నివసించుచుండెను. నేడు ఓడరేవుతోను, ఉక్కు కర్మాగారముతోను పేరుగాంచిన యీ నగరము ఆనాడు ఈస్టిండియా కంపెనీవారి చిన్న స్థావరము. 1785లో కంపెనీవారు రస్సెల్‌ను తమ ప్రకృతి శాస్త్రజ్ఞునిగా నియమించిరి. పామును చూచినంతనే చంపుటయే గాని, ఏది విషసర్పము, ఏది కాదు అని తెలిసినవారు అరుదు. రస్సెల్ పాములను తెప్పించి, కోరలు పరీక్షించి, రూపురేఖలు వ్రాయించి, జనులు చెప్పిన తెలుగు పేర్లనే గ్రంథమున కెక్కించెను. నేడు ప్రపంచమంతట ఆయన పేరిట పిలువబడుచున్న రక్తపింజరను ఆయన ‘కాటుకరేకుల పొడ’ అనియే వ్రాసికొనెను. 1796లో వెలువడిన ఆ సర్పగ్రంథము ముఖ్యోద్దేశము ఒక్కటే: బొమ్మను చూచి పామును ఆనవాలు పట్టవలెను.

పాములకు జరిగిన యీ ఉపకారము మన పుట్టగొడుగులకు జరుగలేదు. తొలకరి వానలు పడగానే అరకు, పాడేరు ప్రాంతపు సంతలకు అడవి పుట్టగొడుగులు వచ్చును. ఏరి తెచ్చినవారికి వాని గుట్టు తెలియును. పెద్దల వెంట అడవిలో తిరిగి నేర్చిన విద్య అది. తెలుగు భాష కూడ ఒక హద్దు గీచినది. చెదపుట్టపై మొలచునది పుట్టగొడుగు. పెంటకుప్పపై, కుళ్లిన మ్రానుపై మొలచి తినరానిది కుక్కగొడుగు. (వాడుకలో ఈ రెండు పేర్లును కలిసిపోవుటయు కద్దు.) చెదలు తమ పుట్టలో ఒక జాతి శిలీంధ్రమును సాగుచేసికొని తినునని నేడు తెలిసినది గనుక మొదటి పేరు మిక్కిలి సార్థకము. రెండవ పేరు మాత్రము ఏమియు తేల్చదు. కాలేయమును నాశనము చేయునది, ఊరక కడుపు త్రిప్పునది, మతి చలింపజేయునది, అన్నియు కుక్కగొడుగులే.

ఈ మూడవదానిని ఎండబెట్టి తేనీరువలె కాచి త్రాగు వాడుక గత అరువది డెబ్బది సంవత్సరములలో దేశదేశములకు వ్యాపించినది. తమిళనాడులోని కొడైకెనాలు కొండలలో వీనిని యాత్రికులకు దొంగచాటుగా అమ్మువారిని పోలీసువారు పలుమారులు పట్టుకొనిరి. కనుక దీని చరిత్ర తెలిసికొనుట దూరపు ముచ్చట కాదు.

వైద్యపత్రికలలో దీనిని గూర్చిన తొలి స్పష్టమైన వృత్తాంతము లండనుది. 1799 అక్టోబరులో ఒక పేద గృహస్థు గ్రీన్ పార్కు అను ఉద్యానమున చిన్న పుట్టగొడుగులను ఏరి తెచ్చి, పిండి, ఉప్పు చేర్చి ఇనుప పాత్రలో ఉడికించి, భార్యాబిడ్డలతో కలిసి తినెను. కొంతసేపటికి ఆయన కన్నులు చీకట్లు క్రమ్మి, మధ్యమధ్య రంగురంగుల మెరుపులు కనబడెను. సహాయమునకై వీథిలోనికి వెళ్లి, కొంతదూరము నడచునప్పటికి తానెక్కడికి పోవుచున్నది మరచెను. ఎనిమిదేండ్ల కుమారుడు ఎడ్వర్డు పకపక నవ్వసాగెను. తల్లిదండ్రులు బెదరించినను ఆ నవ్వు ఆగలేదు. కంటిపాపలు పెద్దవయ్యెను. ఎవరార్డ్ బ్రాండ్ అను వైద్యుడు వాంతి చేయించి చికిత్స జరిపెను. అందరును కోలుకొనిరి. బ్రాండ్ ఈ ఉదంతమును పత్రికలో ప్రకటించెను. చిత్రకారుడును శాస్త్రజ్ఞుడును అయిన జేమ్స్ సవర్బీ తన శిలీంధ్ర చిత్రగ్రంథమున, కొనదేలిన టోపీ గల చిన్న గొడుగే ఇందుకు కారణమని బొమ్మతో సహా చూపెను. రస్సెల్ పాములకు చేసినదే సవర్బీ ఇక్కడ ఒక కుక్కగొడుగునకు చేసెను. ఆ జాతిలో మతి చలింపజేయు పదార్థము కలదని 1963లో రసాయన పరీక్షవలన రూఢియైనది.

ఆ ఇంటివారికి ప్రమాదవశమున జరిగినది మెక్సికో దేశమున కోరి చేయు పూజావిధి. 16వ శతాబ్దమున సహగూన్ అను క్రైస్తవ సన్న్యాసి అచ్చటి ఆచారములను వ్రాసిపెట్టుచు, జనులు కొన్ని పుట్టగొడుగులను తేనెతో తినుదురనియు, పిదప కొందరు పాడుదురనియు, కొందరు ఏడ్తురనియు, కొందరు భయంకర దృశ్యములు కాంతురనియు పేర్కొనెను. స్పెయినువారు ఈ ఆచారమును నిషేధించిరి. అది కొండ గ్రామములలో దాగి మిగిలినది. 1915లో సాఫర్డ్ అను అమెరికా వృక్షశాస్త్రజ్ఞుడు అది పుట్టగొడుగే కాదనియు, ఎండిన నాగజెముడు జాతి మొక్కను చూచి సన్న్యాసులు పొరబడిరనియు తీర్పు చెప్పెను. పొరబడినది ఆయనయే! అయినను పండితుని మాట గనుక ఇరువది యేండ్లకు పైగా చెల్లుబడియైనది. 1938లో షుల్టెస్ అను యువ శాస్త్రజ్ఞుడు రేకో అను వైద్యునితో కూడి వౌట్లా గ్రామమునకు పోయి నిజమైన పుట్టగొడుగులను సేకరించి తెచ్చిన పిమ్మట గాని సందేహము తీరలేదు.

1955 జూన్ నెలలో న్యూయార్కు బ్యాంకు ఉద్యోగి గోర్డన్ వాసన్ ఆ వౌట్లా గ్రామముననే మరియా సబీనా అను వైద్యురాలి రాత్రిపూజలో పాల్గొని పుట్టగొడుగులు తినెను. 1957 మేలో ‘లైఫ్’ పత్రికలో ఆయన వ్యాసము వెలువడినది. గ్రామము పేరును, ఆమె పేరును ఆయన మార్చి వ్రాసెను గాని రహస్యము నిలువలేదు. వినోదార్థులు గుంపులుగా వచ్చి పడిరి. రోగ కారణము తెలిసికొనుటకు మాత్రమే, ఉపవాస నియమములతో, చీకటిలో చేయవలసిన కార్యము బజారున పడినది. గ్రామస్థులు ఆమెను నిందించిరి. ఆమె ఇల్లు తగులబడినది. పరదేశీయులు వచ్చిన తరువాత పుట్టగొడుగుల శక్తి పోయినదని ఆమె చివరిదాక వాపోయెను. 1985లో మరణించెను. శాస్త్రము ఆమెనుండి పొందినది చాల ఎక్కువ, ఆమెకు తిరిగి ఇచ్చినది స్వల్పము.

వాసన్ స్నేహితుడు రోజర్ హైమ్ ప్యారిసులో ఆ శిలీంధ్రములను పెంచి, కొన్నింటిని స్విట్జర్లండులోని సాండోజ్ కంపెనీలో పనిచేయు ఆల్బర్ట్ హాఫ్‌మన్‌కు పంపెను. జంతువులపై ప్రయోగము ఏమియు తేల్చకపోగా హాఫ్‌మన్ తానే ఎండిన పుట్టగొడుగులను 32 తినెను. అరగంట గడచునప్పటికి గదిలోని వస్తువులన్నియు మెక్సికో రంగులు దాల్చెను. రక్తపుపోటు చూడవంగిన వైద్యుడు బలి యిచ్చు అజ్టెక్ పూజారివలె కనబడెను. 1958లో హాఫ్‌మన్ అసలు పదార్థమును స్ఫటికములుగా వేరుచేసి సైలోసైబిన్ అని పేరుపెట్టెను. 1962లో ఆయన ఆ మాత్రలను స్వయముగా తీసికొనిపోయి మరియా సబీనాకు ఇయ్యగా, పుట్టగొడుగులోని శక్తి వీనియందును కలదని ఆమె ఒప్పుకొనెను. ఇంతకంటె కఠినమైన పరీక్షకురాలు ఏ ప్రయోగశాలలోను దొరకదు.

సైలోసైబిన్ నీటిలో కరుగును. కాచిన నీటిలోనికి దిగును గనుకనే తేనీరు పనిచేయును. గట్టి పదార్థము నమలి తిన్నదానికంటె త్వరగా పనిచేయును. శరీరములో అది సైలోసిన్‌గా మారును. మెదడులో వార్తలు చేరవేయు సెరటోనిన్ అను సహజ రసాయనమునకు సైలోసిన్ ఆకారమున దగ్గరి చుట్టము. ఆ పోలికచేత సెరటోనిన్‌కు ఏర్పడిన తాళములలో కొన్నింట ఇది దూరి త్రిప్పును. అంతట చూపు, వినికిడి, కాలజ్ఞానము, ‘నేను’ అను భావము తారుమారగును. వికారము, వాంతి, కంటిపాపలు పెద్దవగుట, గుండెదడ, రక్తపుపోటు పెరుగుట కూడ కలుగును. సాధారణముగా నాలుగు మొదలు ఆరు గంటలలో ఇవి తగ్గును.

శరీరమునకు ఈ పదార్థము తీవ్రవిషము కాదు. సారాయివలె వ్యసనముగా బిగించునదియు కాదు. ఇది నిజమే. దీనిని త్రాగువారు ఈ మాటనే పదేపదే చెప్పుదురు. కాని ప్రమాదము అంతటితో తేలునది కాదు. ఒక గొడుగునకును మరొక గొడుగునకును మందుబలము ఎన్నో రెట్లు భేదించును. ఒక గిన్నెడు కషాయములో ఎంత దిగినదో త్రాగువాడెరుగడు. భయము పట్టుకొనినవాడు మేడపైనుండి దూకవచ్చును, రోడ్డు మీదికి పరుగెత్తవచ్చును. వంశమున ఉన్మాదరోగము గలవారిలో ఆ రోగము పైకి రావచ్చును. గుండెజబ్బు గలవారికి హాని. మానసిక రోగమునకు లిథియం వాడువారికి మూర్ఛలు వచ్చిన దాఖలాలు కలవు.

అన్నింటికంటె పెద్ద ప్రమాదము తిరిగి ఆనవాలుదే. గాలెరీనా అను చిన్న గోధుమరంగు గొడుగు సైలోసైబిన్ గొడుగులను పోలియుండును. 1981లో అమెరికాలోని విడ్బీ ద్వీపమున కొందరు యువకులు మత్తు కొరకు వెదకుచు దానిని తినిరి; వారిలో ఒక బాలిక మరణించినది. గాలెరీనాయందును, మృత్యుగొడుగు అనదగిన అమానిటా జాతులయందును ఉన్న విషము ఒక్కటే. ఎంత కాచినను అది చెడదు. వెండి చెంచా నల్లబడుట, ఉల్లిపాయ రంగు మారుట మొదలగు పరీక్షలకు అది దొరకదు. జీవకణములో మాంసకృత్తుల నిర్మాణమునకు వలసిన ఆర్.ఎన్.ఏ. తయారీని అది ఆపివేయును. ఆరు గంటలకు పైబడి వాంతులు, విరేచనములు ఆరంభమగును. మరునాడు రోగి తేరుకొనినట్లుండును. ఇంటివారు ఊపిరి పీల్చుకొను ఆ దినముననే కాలేయము చచ్చుచుండును. 2022 ఏప్రిలులో అస్సాములో అడవి పుట్టగొడుగులు కూరగా వండి తిని 13 మంది మరణించిరి. వారిలో పలువురు తేయాకు తోటల కుటుంబములవారు. ఆ తోటలకు ఒకప్పుడు గంజాం, విశాఖపట్టణము జిల్లాలనుండియు కూలీలు వలసపోయిరి.

1971 నాటి అంతర్జాతీయ ఒడంబడికలో సైలోసైబిన్ కఠిన నియంత్రణ గల జాబితాకెక్కినది. మన దేశమున 1985 నాటి మాదకద్రవ్యముల చట్టపు పట్టికయందును దాని పేరు కలదు. ఇటీవల వైద్యులు దీనిని తిరిగి చేతబట్టిరి. మందులకు లొంగని మానసిక క్రుంగుబాటు గల 233 మందిపై జరిపిన పరీక్షాఫలితములు 2022లో వెలువడినవి. కొలిచిన 25 మిల్లీగ్రాములు ఒక్కమారు పుచ్చుకొనినవారికి మూడు వారములలో కొంత ఉపశమనము కనబడినది. కొందరిలో ఆత్మహత్యా భావములు కూడ కానవచ్చినవి. 2023 జూలై నుండి ఆస్ట్రేలియాలో అనుమతి పొందిన మనోవైద్యులు దీనిని వాడుచున్నారు. అక్కడ రోగి చెంత గంటల తరబడి కనిపెట్టియుండు మనుష్యులుందురు. కషాయపు గిన్నె చెంత ఎవరుందురు?

ఎవరైనను ఇట్టి గొడుగు తిన్నట్లుగాని త్రాగినట్లుగాని తెలిసిన వెంటనే, బాధ లేకున్నను ఆసుపత్రికి చేర్చవలెను. గంటలోపల మతి చలించినది గనుక ఇది సైలోసైబినే యని ధైర్యపడరాదు. ఒకే గిన్నెలో రెండు జాతులును పడియుండవచ్చును. మిగిలిన గొడుగును మొదలుతో సహా కాగితపు సంచిలో వేసి, ఉడికినదైనచో కొంత గిన్నెలోనే ఉంచి, తిన్న వేళను వ్రాసిన చీటీతో రోగి వెంట పంపవలెను. ప్లాస్టికు సంచిలో అది చెమర్చి కుళ్లి ఆనవాలు చెడిపోవును.