కిరండూల్: కొత్తగా చేరే తెలుగు కుటుంబాలు తెలుసుకోవలసినవి

కిరండూల్ ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం దంతెవాడ జిల్లాలో, బైలాడీలా కొండల పాదాన ఉన్న ఇనుప గనుల పట్టణం. కొత్తవలస దగ్గర మొదలయ్యే కేకే లైను ఇక్కడితో ముగుస్తుంది. ఉత్తరాంధ్ర నుంచి గని పనికి, కాంట్రాక్టు పనులకు, వ్యాపారానికి వచ్చి స్థిరపడ్డ కుటుంబాల వల్ల టౌన్‌షిప్‌లోనూ బజారులోనూ తెలుగు వినిపిస్తూనే ఉంటుంది. అందుకే కొత్తగా వచ్చినవారికి ఇది విశాఖకు దూరపు పేటలా అనిపించవచ్చు. చట్టం దృష్టిలో మాత్రం ఇది వేరే రాష్ట్రం, అందులోనూ రాజ్యాంగం ఐదో షెడ్యూలు వర్తించే ఆదివాసీ ప్రాంతం.

గని, రైలు

బైలాడీలా ఖనిజం సంగతి బ్రిటిష్ కాలం నుంచే తెలుసు. 1934–35లో భూగర్భ సర్వే అధికారి క్రూక్‌షాంక్ ఈ కొండలను పటానికి ఎక్కించి, నిక్షేపాలకు 14 అంకెలు వేశాడు. ఆ అంకెలే నేటికీ గనుల పేర్లు. తవ్వకానికి ఊపు ఇచ్చినవి జపాను ఉక్కు మిల్లులు. 1960లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఏటా 40 లక్షల టన్నుల బైలాడీలా ఖనిజం వాటికి అందాలి. ఖనిజాన్ని ఓడదాకా చేర్చడానికే తూర్పు కనుమలను తొలిచి, యాభైకి పైగా సొరంగాలతో, దాదాపు 445 కిలోమీటర్ల లైను వేశారు. 1968లో 14వ నిక్షేపం ఉత్పత్తిలోకి వచ్చింది. గనుల యజమాని 1958లో పుట్టిన ప్రభుత్వ రంగ సంస్థ ఎన్ఎండీసీ. దాని ప్రధాన కార్యాలయం హైదరాబాదులో ఉంది. పొరుగునే ఉన్న బచేలి కూడా ఈ సంస్థ పట్టణమే.

అరకు మీదుగా విశాఖ చేరే పాసింజరు బండి పర్యాటకులకు ముచ్చట, ఇక్కడివారికి అవసరం. ఒక పగలంతా దానికే పోతుంది. భద్రతా కారణాలతో ఈ బండ్లను దంతెవాడలోనే నిలిపివేసిన రోజులు చాలా ఉన్నాయి. కాబట్టి పరీక్షలకో ఆసుపత్రికో బయలుదేరేవారు ఒక రోజు ముందే కదలడం ఇక్కడి అలవాటు.

పట్టణ చరిత్రలో ఒక తేదీని కొత్తవారు తెలుసుకుని ఉండడం మంచిది. 1978 ఏప్రిల్ 5న, యంత్రాలు వచ్చి కాంట్రాక్టు కూలీల పని పోతున్న రోజుల్లో, కార్మికుల ఆందోళన మీద పోలీసులు కాల్పులు జరిపారు. కూలీలు ప్రాణాలు కోల్పోయారు. పాత కార్మిక కుటుంబాల దగ్గర ఈ విషయం తేలిగ్గా ఎత్తకూడదు.

ఎవరి నేల

బస్తరు రాజవంశం తమ మూలాలను ఓరుగల్లుతో కలుపుకుంది. 1323లో కాకతీయ రాజ్యం కూలాక ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు ఇటు వచ్చి రాజ్యం స్థాపించాడనీ, దంతేశ్వరి వారి ఇలవేల్పనీ ఇక్కడి సంప్రదాయం. ఈ కథ చెప్పుకుని బస్తరు మనదేనని మురిసిపోవడం తెలుగువారికి సరదా. దానివల్ల ఇక్కడ ఒక్క సెంటు భూమి మీద కూడా హక్కు రాదు.

సంగతి నిజానికి భూమి దగ్గరే ఉంది. షెడ్యూల్డు ప్రాంతంలో ఆదివాసీ భూమిని ఆదివాసేతరుడు కొనలేడు. ఆంధ్ర ఏజెన్సీలో 1/70 చట్టం ఎరిగినవారికి ఇది కొత్త కాదు, ఇక్కడ అదే పని 1959 నాటి భూ రెవెన్యూ కోడ్ చేస్తుంది. తెలిసినవాళ్ళ పేరు మీద రాయించుకుంటే సరిపోతుందని చెప్పే దళారీలు ఎక్కడైనా ఉంటారు, కానీ అలా చేతులు మారిన భూమిని తిరిగి ఆదివాసీకి ఇప్పించే నిబంధన కూడా ఆ కోడ్‌లోనే ఉంది. పట్టణంలో కంపెనీ క్వార్టరు ఉద్యోగం ఉన్నంతవరకే. రిటైరయ్యాక ఎక్కడ ఉండాలో ముందే ఆలోచించుకోవాలి.

పల్లెల్లో గ్రామసభ మాటకు 1996 నాటి పెసా చట్టం బలం ఇచ్చింది. ఆ బలం ఎంతటిదో 2019 జూన్‌లో కిరండూల్ చూసింది. 13వ నిక్షేపం ఉన్న కొండను ఆదివాసులు నందరాజ్ దేవుడి కొండగా కొలుస్తారు. అక్కడ తవ్వకం వద్దంటూ, హిరోలీ గ్రామసభ ఆమోదం నకిలీదంటూ వేలమంది గని కార్యాలయం ముందు బైఠాయించారు. రాష్ట్ర ప్రభుత్వం పనులు ఆపి విచారణకు ఒప్పుకుంది.

భాష, పండుగ, ఆరోగ్యం

కార్యాలయాల్లో హిందీ, సంతలో హల్బీ, పల్లెల్లో గోండీ నడుస్తాయి. గోండీ ద్రావిడ భాషే అయినా తెలుగు వచ్చినంతమాత్రాన అర్థం కాదు. బస్తరు దసరా 75 రోజులు సాగుతుంది. అందులో రావణుడూ లేడు, రాముడూ లేడు, ఉత్సవమంతా దంతేశ్వరిదే. నవంబరు 1 ఇక్కడా పండుగే: 2000లో ఆ రోజున మధ్యప్రదేశ్ నుంచి ఛత్తీస్‌గఢ్ విడిపోయింది. ఇప్పపువ్వు, తునికాకు, జీలుగు కల్లు శ్రీకాకుళం, అల్లూరి ఏజెన్సీవారికి పరిచయమే.

మలేరియాను తేలిగ్గా తీసుకోకూడదు. 2020లో ప్రభుత్వం ఇంటింటి రక్తపరీక్షలతో ‘మలేరియా ముక్త్ బస్తర్’ కార్యక్రమం మొదలుపెట్టింది. రక్తపరీక్ష చేయడానికి ఇంటికి వచ్చినవారిని జ్వరం లేదని చెప్పి పంపేయకూడదు, లక్షణాలు లేకుండానే క్రిమి ఉండవచ్చు. గనుల దిగువ వాగుల ఎర్రనీళ్ళు మరో సమస్య. 2024 జూలై వానలకు గని వైపు నుంచి బురదనీరు పట్టణ వార్డుల్లోకి వచ్చి ఇళ్ళు మునిగాయి. ఇల్లు అద్దెకు తీసుకునేముందు ఆ ఏడాది నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో పొరుగువారిని అడగడం తెలివైన పని.

పిల్లలు, పత్రాలు

వచ్చిన కుటుంబాలు ఎక్కువగా ఆలస్యంగా తెలుసుకునేది ఇదే. ఎస్సీ, ఎస్టీ గుర్తింపు రాష్ట్రాలవారీది. ఆంధ్రలో ఎస్టీ అయిన కుటుంబం పని కోసం ఇటు వస్తే, ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వ రిజర్వేషన్లు దానికి రావు. మహారాష్ట్రకు వెళ్ళిన ఒక ఆంధ్ర కుటుంబం కేసులో 1990లో సుప్రీంకోర్టు తేల్చింది ఇదే. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు మాత్రం సొంత రాష్ట్రపు ధ్రువపత్రం చెల్లుతుంది.

ఇక రెండో వైపు. ఆంధ్ర, తెలంగాణల్లో రాజ్యాంగం 371–డి అధికరణం కింద ‘స్థానికత’ ప్రధానంగా అర్హత పరీక్షకు ముందు నాలుగేళ్ళ చదువు మీద ఆధారపడుతుంది. కిరండూల్‌లో పన్నెండో తరగతి ముగించిన పిల్లవాడు విశాఖలో ఇంజనీరింగుకు వెళ్తే చాలావరకు స్థానికేతరుడే అవుతాడు. అన్‌రిజర్వుడు 15 శాతం సీట్లే అతనికి మిగిలేవి, వాటికీ తల్లిదండ్రుల నివాసం వంటి షరతులున్నాయి. అందుకే తొమ్మిదో తరగతి నుంచే పిల్లల్ని తాతగారింటికి పంపాలా, లేక ఇక్కడి నివాస ధ్రువపత్రం తీసుకుని రాయ్‌పూర్ వైపు చూడాలా అన్నది ఎనిమిదో తరగతిలోనే తేల్చుకోవాలి.

చిన్న పనుల్లో రెండు. ఆంధ్ర నంబరు బండి ఇక్కడ పన్నెండు నెలలు దాటి ఉంటే తిరిగి రిజిస్టరు చేయించాలి. ఓటును ఇక్కడికి మార్చుకుంటే ఊళ్ళో పేరు తీసేయించాలి, రెండు చోట్లా ఉంచుకోవడం నేరం.