కుర్చీ ఇచ్చారు, కూలి ఇవ్వలేదు (నీళ్లూ మనమూ – 9)



పోయిన భాగంలో మహాడ్ దగ్గర ఆగాం. అక్కడి నుంచే ఎత్తుకుంటాను.

1923లో బొంబాయి శాసనమండలి బోలే తీర్మానం చేసింది. ప్రభుత్వ సొమ్ముతో నడిచే చెరువులు, బావులు అంటరానివాళ్లకూ తెరవాలని దాని సారం. 1924లో మహాడ్ మున్సిపాలిటీ కూడా అలాగే తీర్మానించింది. కాగితం మీద చవదార్ చెరువు మనదయింది. మూడేళ్లయినా ఆ నీళ్లు మన దోసిట్లోకి రాలేదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ జనంతో కలిసి నడిచి వెళ్లి తాగారు. అదే ఏడాది ఆగస్టులో ఆ మున్సిపాలిటీయే తన తీర్మానాన్ని రద్దు చేసుకుంది. హైకోర్టులో మనం గెలిచేసరికి 1937 వచ్చింది.

నీళ్లు ఎవరివో తేల్చేది చెరువు గట్టు కాదు, ఆ చెరువును నడిపే పాలకవర్గం. మరి ఆ పాలకవర్గంలో ఎవరు కూర్చోగలరు? రోజంతా మీటింగులో కూర్చున్నా సాయంత్రం ఇంట్లో పొయ్యి వెలిగేవాడే కదా!

ఈ సంగతి ఇంగ్లండు కార్మికులకు ముందే తెలుసు. 1838లో చార్టిస్టులు ఆరు డిమాండ్లు పెట్టారు. పార్లమెంటుకు పోటీ చేయాలంటే ఆస్తి ఉండాలన్న నిబంధన పోవాలి, ఇది ఒకటి. గెలిచినవాళ్లకు జీతం ఇవ్వాలి, ఇది ఇంకొకటి. రెండూ పక్కపక్కనే ఎందుకు పెట్టారో ఆలోచించండి. అవి ఒకే తలుపుకు రెండు తాళాలు. ఆస్తి తాళం 1858లో తీశారు. జీతం తాళం తీయడానికి ఇంకో 53 ఏళ్లు పట్టింది. ఈలోపు కార్మిక సభ్యుల్ని చాలావరకు యూనియన్ల చందాలే పోషించాయి. 1909లో ఆస్‌బోర్న్ తీర్పు ఆ చందాలనూ ఆపేసింది. 1911లో గానీ ఎంపీలకు ఏడాదికి 400 పౌండ్ల జీతం రాలేదు. చట్టం తలుపు తెరిచినా ఆకలి గడప దాటనివ్వదని తెలుసుకోవడానికి వాళ్లకు అంతకాలం పట్టింది.

మన దగ్గర ఇదే తగువు 1937లో వచ్చింది. బొంబాయిలో కాంగ్రెస్ ప్రభుత్వం మంత్రుల జీతం నెలకు 500 రూపాయలని బిల్లు తెచ్చింది. త్యాగమన్నారు, దేశసేవన్నారు. ప్రతిపక్షంలో ఉన్న అంబేడ్కర్ లేచి, జీతం నిర్ణయించేటప్పుడు నాలుగు చూడాలన్నారు: సమాజంలోని జీవన ప్రమాణం, సమర్థత, ప్రజాస్వామ్యం, పాలనలో నిజాయితీ. జీతం సంగతిలో ప్రజాస్వామ్యం ఎందుకొచ్చిందో మనకు వేరే చెప్పాలా? తాత ఆస్తి ఉన్నవాడికి 500 త్యాగం. ఏమీ లేనివాడికి అదే అడ్డుగోడ.

ఇక మన ఊరికి వద్దాం. 73వ సవరణ 1993లో అమలులోకి వచ్చింది. రిజర్వేషన్‌తో మొదటి తాళం తీసింది. ఊరి మంచినీళ్లు, వీధి దీపాలు, మురికి కాల్వలు చూసే పంచాయతీకి మాల, మాదిగ ఆడబిడ్డ సర్పంచ్ అయింది. గొప్ప సంగతే. రెండో తాళం మాటేమిటి?

ఆంధ్రలో సర్పంచ్ గౌరవ వేతనం నెలకు 3,000. తెలంగాణలో 2021లో పెంచితే 6,500 అయింది. 2024లో ఉపాధి హామీ కూలి రోజుకు 300. అంటే ఆంధ్రలో సర్పంచ్ నెల వేతనం పది రోజుల మట్టి పనితో సమానం. నెలంతా మండలాఫీసు చుట్టూ తిరగాలి, మోటారు కాలితే మెకానిక్‌ని పిలవాలి, బిల్లు రాకముందే చేతి నుంచి డబ్బు పెట్టాలి. ఆ డబ్బు ఎక్కడిది? ఊరి పెద్ద దగ్గర అప్పు. అప్పిచ్చినవాడి మాటే ఆ తర్వాత పంచాయతీ తీర్మానం. ఆమె నాటుకు పోతుంది, ఆఫీసులో ఆయన కూర్చుంటాడు. తర్వాత మనవాళ్లే అంటారు, "ఆమెకేం తెలుసు, అంతా దొరే చూసుకుంటాడు" అని. ఆమెకు తెలియక కాదు. ఆమెకు రోజు కూలి పోతుంది.

"జీతమిస్తే డబ్బు కోసం వస్తారు, సేవాభావం పోతుంది" అనే మేధావులకు ఒక్క మాట. జీతం లేని పని మాకు కొత్త కాదు. తరతరాలు చేశాం. మీరు చేస్తే దాని పేరు సేవ, మేం చేస్తే దాని పేరు వెట్టి. వెట్టిని చట్టం నిషేధించింది. పంచాయతీ గడపలో మాత్రం దానికి గౌరవం అని పేరు పెట్టారు.

జీతం ఇస్తే అవినీతి మాయమవుతుందని నేను అనను. లక్షల జీతం తీసుకుని తినేవాళ్లను చూస్తూనే ఉన్నాం. నేను అడిగేది చిన్నది: మీటింగుకు వచ్చిన రోజు కూలి పోకూడదు. వార్డు మెంబరుకూ పోకూడదు. ఊరికి నీళ్లు వదిలే నిర్ణయం చేసే మనిషి, ఆ రాత్రి అన్నం కోసం ఎవరి గుమ్మం ముందూ నిలబడకూడదు.

మహాడ్‌లో మనం చెరువు అడిగాం. ఇప్పుడు ఆ చెరువును నడిపే కుర్చీలో చివరిదాకా కూర్చునే దమ్ము అడుగుతున్నాం. ఈసారి గ్రామసభకు వెళ్లినప్పుడు మీ సర్పంచ్‌ను పక్కకు పిలిచి, నీ చేతి డబ్బు ఎంత పోయింది తల్లీ అని అడగండి. ఆమె చెప్పింది ఇక్కడ రాయండి. పేర్లు వద్దు, అంకెలు చాలు.

జై భీమ్.