విజయనగరపు సంతలు: ఫలముల వెలయు, చెఱువుల నీరును

విజయనగర వైభవమును వర్ణించువారు తఱచుగా రత్నముల యంగళ్లను, గుఱ్ఱముల బేరమును బేర్కొని విరమింతురు. సామాన్యజనుల జీవనమును దెలిసికొనఁ గోరువారికి నిమ్మపండ్ల గంపయు నంతకంటెఁ దక్కువ సాక్ష్యము గాదు. ఫలశాకములు రత్నములవలె దాఁచి యుంచఁదగినవి కావు. కోసిన కొలఁది దినములలోనే యమ్ముడుపోవలయును. కావున నవి సమృద్ధిగా దొరకిన నగరమునకు సమీపమున తోఁటలును, తోఁటలకు నీరును నుండి తీరవలయును.

1520 ప్రాంతమున నా నగరమును జూచిన పోర్చుగీసు యాత్రికుఁడు డొమింగో పేయిసు, అచట ప్రతిదినము సాయంకాలమున జరుగు సంతలో నిమ్మ, నారింజ, ద్రాక్షపండ్లును, తోఁటలలోఁ బండు తక్కిన సరకులును, కట్టెలును అమ్ముచుండిరని వ్రాసెను. పణమునకు 3 ద్రాక్షగుత్తులు, 10 దానిమ్మపండ్లు వచ్చెనని వెలలను సైతము దెలిపెను. మామిడి పనసలును చవుకయే యనెను. ఈ వ్రాఁతను 1900 లో సూయెల్ పండితుఁ డాంగ్లీకరించి ప్రకటించినది మొదలు చరిత్రకారు లనేకు లుదాహరించుచున్నారు.

కాని యీ పట్టికను ఒక్కనాఁటి సంతగా గ్రహింపరాదు. పేయిసు మహానవమి యుత్సవములను గన్నులారఁ జూచి వర్ణించినవాఁడు, అది శరదృతువు. మామిడిపండు గ్రీష్మమున వచ్చునది. కనుక నతఁడు పలు ఋతువుల ఫలములను ఒకచోటఁ గూర్చి చెప్పెననుటయే యుక్తము. సంత నిత్యమైనను, అందలి సరకు ఋతువు ననుసరించి మాఱుచునే యుండెను.

హంపీ ప్రాంతము బండల సీమ, వర్షము స్వల్పము. అట్టిచోట తోఁటలు నిలుచుట మానవప్రయత్నమువలననే. పేయిసునకుఁ దరువాత, 1535 ప్రాంతమున వ్రాసిన నూనిజు దీనికి సమాధానమును జూపుచున్నాఁడు. కృష్ణదేవరాయలు గొప్ప చెఱువును గట్టించి, కాలువల మూలమున వరిపొలములకును తోఁటలకును నీరు పాఱించెననియు, కాఁపులు భూములను బాగుచేసికొనుటకై 9 ఏండ్లు పన్ను లేక విడిచెననియు, పిమ్మట నా భూముల యాదాయము 20,000 వరహాల కెక్కెననియు నతఁడు చెప్పెను.

ఈ వార్తకు స్వదేశపు సాక్ష్యమును గలదు. రాయలు రచించిన ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసమునందలి రాజనీతి ప్రకరణమున, దేశము చిన్నదైనను చెఱువులను కాలువలను పెంచి, పేదకాఁపునకు పన్నులయెడ సడలింపు చూపినచో ధర్మార్థములు రెండును వృద్ధిఁ బొందునని చెప్పఁబడినది. ఏలిక పద్యమునఁ జెప్పిన నీతియు, విదేశీయుఁడు వచనమున వ్రాసిన వార్తయు నొక్క మార్గముననే నడచుచున్నవి.

అయినను వెల చవుకయగుట కాఁపు సుఖమునకు నిదర్శనము గాదు. ఆ నూనిజే, కర్షకులు పంటలో పదింట తొమ్మిది పాళ్లు తమ ప్రభువులకుఁ జెల్లించుచుండిరని వ్రాసెను. ఈ లెక్క యతిశయోక్తి యని తలఁచువారు గలరు. అతిశయోక్తిని దీసివేసినను భారము మిగులును. 9 ఏండ్ల మినహాయింపును నతఁడు ఆ చెఱువు క్రింది భూములకే చెప్పెనుగాని రాజ్యమున కంతటికిని జెప్పలేదు. కాఁబట్టి పణమునకు 10 దానిమ్మపండ్లు వచ్చెననుట కొన్నవాని సౌఖ్యమును దెలుపును. పండించినవాని సౌఖ్యమును దెలుపదు.

పాఠశాలలలో నీ చరిత్రమును బోధించు పండితులు సంతల వర్ణనమును జదివించునపుడు, చెఱువు వృత్తాంతమును, పన్నుల వృత్తాంతమును దానితోఁ జేర్చి చదివించుట మేలు. అప్పుడుగాని యా చవుకవెలకు మూల్యము నెవ్వరు చెల్లించిరో విద్యార్థులకు బోధపడదు.