ఒంటికాలి గోల్ఫ్ మాస్టారు, ఒక చేతిరుమాలు, ఒక చిన్న చాకు

ఈసారి టాపిక్ చూసి కొంతమంది నవ్వుకుంటారని నాకు తెలుసు. గోల్ఫ్! మనలో చాలామందికి గోల్ఫ్ అంటే రిమోట్ నొక్కుతూ దాటేసే చానల్. లేదంటే హైదరాబాద్‌లో గోల్కొండ కోట గోడల పక్కనుంచి వెళ్తుంటే కనిపించే పచ్చగడ్డి. నాకూ మొన్నమొన్నటి వరకూ అంతే. కానీ ఈ ఎపిసోడ్‌లో గోల్ఫ్ ఎంత ఉంటుందో, ఒక మనిషికి ఇంకో మనిషి పని ఎలా నేర్పిస్తాడు అన్నదీ అంతే ఉంటుంది. కాబట్టి గోల్ఫ్ తెలియకపోయినా ఉండండి, వెళ్లిపోకండి.

ముందు నా అవమానం చెప్పేస్తాను. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో టీమ్ ఔటింగ్ అని మమ్మల్ని ఒక డ్రైవింగ్ రేంజ్‌కి తీసుకెళ్లారు. అంటే బుట్టెడు బంతులు ఇచ్చి, ఎదురుగా ఉన్న ఖాళీ మైదానంలోకి కొట్టుకోమనే చోటు. అక్కడ కోచ్ చాలా ఓపికగా మొదలుపెట్టాడు. తల కదపొద్దు. ఎడమ మోచెయ్యి వంచొద్దు. బరువు కుడికాలి మీదకి తీసుకో. ఇప్పుడు నడుము తిప్పు. మణికట్టు అప్పుడే వదిలెయ్యకు. మోకాలు చూసుకో. చూపు బంతి మీదే. అన్నీ కరెక్టే అయ్యుండొచ్చు, ఆయన్ని నేనేం అనను. ఆ ఏడూ బుర్రలో పెట్టుకుని కర్ర ఊపాను. బంతి ఎక్కడ పెట్టిందో అక్కడే ఉంది. లేచిన మట్టి మాత్రం వెనకాల నిలబడ్డ మా మేనేజర్ చొక్కా మీద పడింది.

ఇంటికొచ్చాక ఒకటే ఆలోచన. గల్లీ క్రికెట్‌లో మీదకొచ్చే బంతిని కొట్టినవాణ్ణి. చిన్నప్పుడు గాల్లోకి లేచిన బిళ్ళని గోడుతో కొట్టినవాణ్ణి. మరి కదలకుండా కూర్చున్న బంతిని ఎందుకు కొట్టలేకపోయాను? అలా వెతుకుతూ వెతుకుతూ దొరికిన పేరు ఎర్నెస్ట్ జోన్స్.

జోన్స్ 1887లో ఇంగ్లండ్‌లో పుట్టాడు. లండన్ శివార్లలోని చిసిల్‌హర్స్ట్ గోల్ఫ్ క్లబ్బులో ప్రొఫెషనల్‌గా పనిచేసేవాడు. ఆ కాలంలో ప్రొఫెషనల్ అంటే ఇప్పటిలా ప్రైవేట్ జెట్‌లో తిరిగే స్టార్ కాదండోయ్. సభ్యుల కర్రలు బాగుచెయ్యాలి, బంతులు అమ్మాలి, దొరలకి ఆట నేర్పాలి. సభ్యులు వచ్చే ముందు గుమ్మంలోంచి ప్రొఫెషనల్‌ని రానివ్వని క్లబ్బులు ఇంగ్లండ్‌లో చాలా ఉండేవి. అంటే పనివాడే. చేతిపని తెలిసిన పనివాడు.

అయితే ఈ పనివాడికి ఒక అనుమానం ఉండేది. పెద్ద పెద్ద ఆటగాళ్లు స్వింగ్ గురించి తలోమాట చెప్తున్నారు. ఒకరు భుజం అంటారు, ఒకరు నడుము అంటారు, ఇంకొకరు కాళ్లు అంటారు. అందరూ బాగానే ఆడుతున్నారు. మరి ఎవరి మాట నిజం? తను పుట్టిన సంవత్సరమే వచ్చిన ఒక పాత పుస్తకం, సర్ వాల్టర్ సింప్సన్ రాసిన ది ఆర్ట్ ఆఫ్ గోల్ఫ్, అతని చేతికి వచ్చింది. బంతిని కొట్టడం ఒక్కటే అసలు పని, మిగతావన్నీ దాని తర్వాతే అనే ధోరణిలో రాసిన పుస్తకం అది. జోన్స్‌కి ఆ ఆలోచన బుర్రలో నాటుకుపోయింది. కానీ దాన్ని రుజువు చేసే సందర్భం ఎలా వచ్చిందో చూడండి.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. 1915లో జోన్స్ సైన్యంలో చేరాడు. 1916 మార్చిలో ఫ్రాన్స్‌లో, లూస్ అనే ఊరి దగ్గర గ్రెనేడ్ పేలింది. కుడికాలు మోకాలి కింద నుంచి తీసేశారు.

ఒక్క క్షణం ఆగి దీన్ని ఊహించుకోండి. ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. చేతిలో ఉన్న విద్య ఒకటే. ఆ విద్యలో కుడిచేతివాటం మనిషికి కుడికాలు అంటే మామూలు విషయం కాదు. కర్ర వెనక్కి ఎత్తినప్పుడు ఒంటి బరువంతా దాని మీదకి రావాలనీ, అక్కడి నుంచి తోసుకుంటూ ముందుకు రావాలనీ పాఠాలు చెప్తారు. ఆ పాఠమే నిజమైతే జోన్స్ బతుకుతెరువు ఆ రోజుతో అయిపోయినట్టే.

కొన్ని నెలల తర్వాత, చంకకర్రల మీద, రాయల్ నార్విచ్ కోర్సుకి వెళ్లాడు. కృత్రిమ కాలు ఇంకా లేదు. ఒంటికాలి మీద నిలబడి 18 హోల్స్ ఆడాడు. మొదటి తొమ్మిదికి 38 దెబ్బలు, రెండో తొమ్మిదికి 45. మొత్తం 83. రెండో సగంలో స్కోరు ఎందుకు పెరిగిందో వేరే చెప్పక్కర్లేదు, చంకకర్రలతో అంత దూరం నడిచిన మనిషి అలిసిపోడా? గోల్ఫ్ తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను: రెండు కాళ్లూ బాగున్న మామూలు ఆటగాళ్లకి 100 లోపు రావడానికే ఏళ్లు పడుతుంది. ఆ తర్వాత ఇంకో కోర్సులో ఒంటికాలితోనే 72 కొట్టాడు.

మా సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. ప్రోగ్రామ్‌లో ఒక ముక్క నిజంగా అవసరమా కాదా తెలియనప్పుడు ఏం చేస్తాం? దాన్ని కామెంట్‌లో పెట్టేసి రన్ చేసి చూస్తాం. నడిచిందంటే అసలు పని ఇంకెక్కడో జరుగుతోందన్నమాట. జోన్స్ జీవితంలో ఆ ప్రయోగాన్ని యుద్ధం చేసింది, అతని అనుమతి అడక్కుండా.

కానీ ఇక్కడ నేను ఒక మాట అడ్డుపడాలి, లేకపోతే కింద కామెంట్లలో మీరే అడుగుతారు. అతను అప్పటికే ఏళ్ల తరబడి ఆడిన ప్రొఫెషనల్. చేతులకి పని ముందే తెలుసు. కాబట్టి కాళ్లు అక్కర్లేదు అని దీన్నుంచి తేల్చలేం. అతనూ అక్కడితో ఆగలేదు. సరే, నాలో ఇంకా మిగిలి ఉన్నది ఏంటి, అది కొత్తవాడికి ఎలా అందించాలి అని పట్టుకున్నాడు. చివరికి దొరికిన సామాను ఏంటంటే, ఒక చేతిరుమాలు, దాని కొసకి కట్టిన జేబులో పెట్టుకునే చిన్న చాకు. అంతే.

చేతిరుమాలు ఒక కొస వేళ్లతో పట్టుకుని చాకుని ఊపమంటాడు. లోలకంలా చక్కగా అటూ ఇటూ ఊగుతుంది. ఇప్పుడు దాన్ని బలంతో ముందుకి తొయ్యమంటాడు. తొయ్యగానే గుడ్డ మధ్యలో వదులైపోతుంది, చాకు దారితప్పి పిచ్చిగా గెంతుతుంది. గుడ్డని తొయ్యలేం, ఊపగలం అంతే. ఇప్పుడు గోల్ఫ్ కర్ర, చేతిరుమాలు రెండూ కలిపి పట్టుకుని ఊపు. కర్ర చివరి తల, అదే క్లబ్‌హెడ్, చాకుతో కలిసి కదిలితే నువ్వు ఊపుతున్నట్టు. విడిపోతే నువ్వు తోస్తున్నట్టు. తప్పొప్పులు చెప్పడానికి మాస్టారు కూడా అక్కర్లేదు, చాకే చెప్పేస్తుంది.

ఇది చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది మన వడిసెల. జొన్నచేలో మంచె మీద నిలబడి పిట్టల్ని తోలేవాళ్లు తిప్పేది. రాయిని ఎవడూ ముందుకి నెట్టడు. తాడు బిగువు చేతికి తెలుస్తూ ఉంటుంది, ఆ బిగువు ఉన్నంతసేపూ రాయి మాట వింటుంది. వడిసెల తిప్పే కుర్రాడికి ఎడమ మోకాలు ఎక్కడుందో ఎవరైనా పాఠం చెప్పారా? మోకాలు దాని పని అది చేసుకుంటుంది. జోన్స్ చెప్పిందీ అదే. ఊపు నడిపేది చేతులు, వేళ్లు. మిగతా ఒళ్లంతా ఊరేగింపులో వెనకాల నడిచే జనం లాంటిది. వాళ్లు ఉండాలి, కానీ ముందుకొచ్చి బాజా లాక్కోకూడదు.

1920లో డారిన్ హామండ్ అనే రచయిత జోన్స్ పద్ధతి మీద ఇంగ్లండ్‌లో పుస్తకం వేశాడు. ఆ తర్వాత కొన్నేళ్లకి అతను అమెరికా చేరాడు. తీసుకెళ్లింది మారియన్ హాలిన్స్, 1921 అమెరికా మహిళల అమెచ్యూర్ చాంపియన్. మగవాళ్ల క్లబ్బుల్లో ఆడవాళ్లకి సరైన చోటు దొరక్క, న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలండ్‌లో ఆడవాళ్లే సొంతంగా ఒక గోల్ఫ్ క్లబ్బు పెట్టుకున్నారు. దాని వెనక ఉన్న మనిషి ఆమె. ఆమె మీద విడిగా ఒక ఎపిసోడ్ చెయ్యాలి, చేస్తాను కూడా. ఆ క్లబ్బుకి మాస్టారుగా వచ్చాడు జోన్స్. తర్వాత న్యూయార్క్ ఫిఫ్త్ అవెన్యూలో స్పాల్డింగ్ కంపెనీ భవనంలో, గది లోపలే పాఠాలు చెప్పేవాడు. గదిలో గోల్ఫ్ ఏంటి అనిపిస్తుంది. నాకైతే అదే అతని తెలివి అనిపిస్తుంది. బంతి ఎంత దూరం పోయిందో కనపడదు కాబట్టి, నేర్చుకునేవాడికి ఊపు తప్ప చూసుకోవడానికి ఇంకేం ఉండదు.

అతని శిష్యుల్లో వర్జీనియా వాన్ వీ అనే అమ్మాయి ఉంది. 1928లో అమెరికా మహిళల అమెచ్యూర్ ఫైనల్లో గ్లెనా కాలెట్ చేతిలో చిత్తుగా ఓడింది, ఇంకా 12 హోల్స్ మిగిలి ఉండగానే 13 హోల్స్ తేడాతో. మళ్లీ 1932 ఫైనల్లో అదే గ్లెనా ఎదురుపడింది. ఈసారి వర్జీనియా గెలిచింది, 8 హోల్స్ మిగిలి ఉండగా 10 తేడాతో. 1933, 1934 కూడా ఆమెవే. మొత్తం క్రెడిట్ మాస్టారికే ఇచ్చేద్దామా అంటే, ఓడిపోయిన గ్లెనా కూడా జోన్స్ దగ్గర నేర్చుకున్న మనిషే! కాబట్టి ఆ లెక్క వదిలేద్దాం.

గోల్ఫ్ టీచర్లు చెప్పుకునే ఒక కథ ఉంది. జోన్స్ పద్ధతిని అమెరికా ప్రొఫెషనల్స్ అందరూ పాఠంగా పెట్టుకోవాలని ప్రతిపాదన వస్తే, ఇది మరీ సింపుల్‌గా ఉంది, ఇలా అయితే మనం పాఠాలు అమ్ముకోలేం అన్నారట. కథలో ఉప్పూకారం ఎంత కలిసిందో గానీ, ఆ మాట వెనక భయం మాత్రం నాకు బాగా అర్థమవుతుంది. కోచింగ్ సెంటర్ల మధ్య పెరిగినవాళ్లం కదా. ఇంత లావు మెటీరియల్ ఇవ్వకపోతే ఫీజు కట్టిన నాన్నకి తృప్తి ఉండదు.

అవతలి చివర ఏముందో కూడా చెప్పాలి. 1969లో హోమర్ కెల్లీ అనే ఆయన ది గోల్ఫింగ్ మెషీన్ అని పుస్తకం వేశాడు. స్వింగ్‌ని 24 భాగాలుగా విడగొట్టి, ఒక్కో దానికీ రకరకాల మార్పులు లెక్కగట్టాడు. ఇంజినీరుగా నాకు అది చదవాలంటే నోరూరుతుంది. ఆటగాడిగా దాన్ని బుర్రలో పెట్టుకుని బంతి ముందు నిలబడాలంటే భయం.

ఎందుకంటే టైమ్ లేదు. 1968లో ఇంగ్లండ్‌లో కాక్రన్, స్టాబ్స్ అనే ఇద్దరు, శాస్త్రవేత్తల బృందం చేసిన పరిశోధనని సెర్చ్ ఫర్ ద పర్ఫెక్ట్ స్వింగ్ అని పుస్తకంగా తెచ్చారు. స్వింగ్‌ని ఒకదానికొకటి తగిలించిన రెండు లోలకాలుగా చూపించారు. కర్ర కిందకి దిగడానికి పట్టేది సుమారు పావు సెకను. బంతి, కర్ర తాకి ఉండేది సుమారు అర మిల్లీ సెకను. ఆ పావు సెకనులో నడుముకో ఆర్డరు, మోకాలికో ఆర్డరు పంపి, జరిగిందా లేదా చూసుకోవడం ఏ మెదడు వల్లా కాదు. జోన్స్ 1965లోనే పోయాడు, ఈ పుస్తకం చూడలేదు. చేతిరుమాలుతో చూపించింది మాత్రం అందులో మొదటి లోలకం.

1999లో గాబ్రియెల్ వుల్ఫ్ బృందం కొత్తగా నేర్చుకునేవాళ్లని రెండు గుంపులు చేసింది. ఒక గుంపుకి మీ చేతులు ఎలా ఊగుతున్నాయో చూసుకోమన్నారు. ఇంకో గుంపుకి కర్ర ఎలా ఊగుతోందో చూసుకోమన్నారు. రెండో గుంపువాళ్ల బంతులే లక్ష్యానికి దగ్గరగా పడ్డాయి. పని అదే, ధ్యాస మాత్రం ఒంటి మీద నుంచి ఒక అడుగు బయటకి జరిగింది.

నేను మా అమ్మకి స్కూటీ నేర్పిన రోజులు గుర్తొచ్చాయి. క్లచ్ ఉండదమ్మా, ఎడమ బ్రేకు ముందు, యాక్సిలరేటర్ మెల్లగా, భుజాలు వదులుగా, కాళ్లు పైకి అని వరసపెట్టి చెప్పాను. రెండుసార్లు పడింది. మూడోసారి నాకొద్దురా అని ఏడ్చేసింది. మా బాబాయి వచ్చి, వదినా, ఆ చివర వేపచెట్టు చూస్తూ రా, ఇంకేం పట్టించుకోకు అన్నాడు. వచ్చేసింది. ఆ రోజు నాకు కోపం వచ్చింది, నా పాఠం అంతా వేస్టా అని. ఇన్నేళ్లకి అర్థమైంది ఏంటంటే, నా పాఠంలో తప్పులేమీ లేవు, అమ్మ చేతికి అందేది కూడా ఏమీ లేదు.

జోన్స్ చెప్పిందంతా ఒప్పుకోవాలని కాదు. ఇవాళ కాళ్ల కింద సెన్సార్ పలకలు పెట్టి కొలుస్తున్నారు. దూరంగా కొట్టేవాళ్లు నేలని ఎంత గట్టిగా తంతారో అంకెల్లో కనిపిస్తోంది. కాళ్లు ఉత్తి ప్రేక్షకులు కావు. ఒళ్లు ఏం చేస్తుంది అన్నది ఒక ప్రశ్న, నేర్చుకునేవాడి బుర్రలో ఏం ఉండాలి అన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి జోన్స్ జవాబు సగమే. రెండోదానికి మాత్రం నాకు ఇప్పటిదాకా అంతకన్నా మంచి జవాబు దొరకలేదు.

1952లో స్వింగ్ ద క్లబ్‌హెడ్ అని పుస్తకం రాశాడు జోన్స్. పేరులోనే మొత్తం పాఠం ఉంది, అమ్మకాలకి ఎంత నష్టమో!

పోయిన నెల ఒక్కణ్ణే అదే డ్రైవింగ్ రేంజ్‌కి వెళ్లాను. చాకు లేదు, చేతిరుమాలు కొసకి బైక్ తాళంచెవి కట్టాను. పక్కవాళ్లు వింతగా చూశారు. పది నిమిషాలు అదే ఊపి, తర్వాత కర్ర పట్టుకున్నాను. యాభై బంతుల్లో సగానికి పైగా నేలమీద దొర్లాయి, అబద్ధం ఎందుకు. కానీ ఒకటి, ఒకే ఒక్కటి, చేతికి తగిలినట్టు కూడా తెలియకుండా పైకి లేచిపోయింది. దాని కోసం చూస్తూ మిగతా బుట్ట అంతా అయిపోగొట్టాను.

మీరూ ఇంట్లో చేతిరుమాలుతో చేసి చూడండి. టీవీకి దూరంగా నిలబడండి చాలు. ఉంటానండీ, వచ్చే ఎపిసోడ్ మారియన్ హాలిన్స్ మీద.