బ్లాక్‌పూల్ బస్సులో ఎవరున్నారు, ఎవరు లేరు?

1993లో బ్రిటన్‌లో ఒక నవ్వుల సినిమా వచ్చింది. పేరు 'భాజీ ఆన్ ద బీచ్'. తీసింది గురిందర్ చడ్ఢా, రాసింది మీరా సియాల్. ఇద్దరూ వలసపోయిన పంజాబీ కుటుంబాల ఆడబిడ్డలే. బర్మింగ్‌హామ్ నుంచి కొందరు ఆడవాళ్లు మహిళా కేంద్రం వాళ్ల బస్సెక్కి బ్లాక్‌పూల్ సముద్రం చూసొస్తారు. ఒక్కరోజు ప్రయాణం. అంతే కథ.

అంతేనా? అంతకుముందు తెల్లవాళ్ల లెక్కలో ఆసియా స్త్రీ అంటే చీర కట్టుకుని తల వంచుకునే మనిషి. 1976లో లండన్ గ్రన్‌విక్ ఫ్యాక్టరీలో జయాబెన్ దేశాయ్ ముందుండి దాదాపు రెండేళ్లు సమ్మె నడిపినా ఆ బొమ్మ చెరగలేదు. చడ్ఢా బస్సు ఆ బొమ్మను పగలగొట్టింది. అందులో మొగుడి దెబ్బలకు కొడుకుని తీసుకుని బయటపడ్డ జిందర్ ఉంది. కొట్టు నడుపుతూ హిందీ సినిమా తీరులో పగటికలలు కనే ఆశ ఉంది. బొంబాయి నుంచి వచ్చి, మీరింకా పాత కాలంలోనే ఉన్నారని ఎగతాళి చేసే రేఖ ఉంది. ఒక్క తీరు మనుషులు కాదు. ఈ సినిమాను మేం మెచ్చుకునేది ఇందుకే.

ఇంకో ధైర్యం కూడా చేసింది. డాక్టరు చదువుకు పోవాల్సిన హషీదా కడుపుతో ఉంది. ఆమె ప్రేమించిన ఆలివర్ నల్లవాడు. సంగతి బయటపడగానే పెద్దమ్మల నోటి వెంట ఎన్ని తిట్లు! దారిలో తెల్ల కుర్రాళ్ల చేత అవమానం పడ్డవాళ్లే నల్లవాణ్ణి తక్కువ చేస్తారు. 1970లలో, 80లలో బ్రిటన్ ఉద్యమాల్లో ఆసియా వాళ్లూ ఆఫ్రో-కరీబియన్లూ కలిసి మేమంతా 'బ్లాక్' అన్నారు గదా. ఆ ఐక్యత ఇంటి గడప దాటి లోపలికి రాలేదని సినిమా నవ్విస్తూనే చెప్పింది.

మరి కులం? ఈ కథలో అది ప్రశ్నే కాదు. కానీ ఆ ఊళ్లలో అది లేదా? పంజాబ్ నుంచి కార్ఖానాల పనికి పోయిన రవిదాసీయులు, వాల్మీకులు బర్మింగ్‌హామ్, వుల్వర్‌హాంప్టన్, బెడ్‌ఫర్డ్‌లలో తమ గుళ్లు తాము వేరుగా కట్టుకున్నారు. వేరుగా ఎందుకు కట్టుకోవాల్సి వచ్చిందో మనకెవరూ చెప్పక్కర్లేదు.

ఇరవయ్యేళ్ల తర్వాత ఇంకో వలస స్త్రీ కోర్టు కెక్కింది. బీహార్ నుంచి ఒక భారతీయ కుటుంబం ఇంటిపనికి తీసుకుపోయిన ఆదివాసీ ఆమె. రోజుకు 18 గంటలు, వారానికి 7 రోజులు, నాలుగున్నరేళ్ల చాకిరీ. పడుకునేది నేల మీద పరుపు. కూలి గంటకు 11 పెన్నీలు. కులం జాతి మూలం కిందికి రావచ్చని 2014లో అప్పీలు ట్రిబ్యునల్ ఒప్పుకుంది. 2015లో ఎగ్గొట్టిన జీతం కింద ఆమెకు లక్షా ఎనభై వేల పౌండ్లకు పైగా ఇవ్వాలని తీర్పొచ్చింది. కులాన్ని సమానత్వ చట్టంలో చేర్చాలని 2013లో బ్రిటన్ పార్లమెంటు నిర్ణయించింది. హిందూ సంఘాలు అడ్డుపడ్డాయి. 2018లో ప్రభుత్వం చేర్చేది లేదని తేల్చేసింది.

స్త్రీలంతా ఒకటేనా అని 1990లలో ఇక్కడ దళిత స్త్రీలు మహిళా ఉద్యమాన్ని అడిగారు. వైవిధ్యం పేరెత్తే ప్రతి సినిమానూ మనం అదే అడగాలి. విద్యార్థులకు ఈ సినిమా చూపించండి, కడుపారా నవ్వనివ్వండి. ఆ తర్వాత ఒక్క మాట అడగండి: ఆ ఆదివాసీ స్త్రీ ఎక్కితే, బస్సులో ఆమె పక్కన ఎవరు కూచుంటారు?