చెవి రాయి చెప్పే వయసు

ఏప్రిల్ 15 వచ్చిందంటే తూర్పు తీరంలో మరపడవలు రేవు కదలవు. జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టి, పిల్లలు ఎదగడానికి ఇచ్చే గడువు ఇది. ఏ చేపకు ఎంత గడువు కావాలో తేలాలంటే ముందు దాని వయసు తెలియాలి. ఆ లెక్క చేప చెవిలోనే ఉంటుంది.

కాకినాడ కుంభాభిషేకం రేవులో వేలానికి వచ్చే కచిడి తల చీలిస్తే, మెదడుకు ఇరువైపులా తెల్లటి గట్టి రాళ్లు రెండు చేతికి తగులుతాయి. శాస్త్రజ్ఞులు వీటిని ఓటోలిత్‌లు అంటారు. ఒళ్లు అదుపులో ఉంచుకోవడానికి, చప్పుడు వినడానికి చేపకు ఇవే ఆధారం. పుట్టింది మొదలు వీటి మీద కాల్షియం కార్బనేట్ ఉల్లిపొరల్లా పేరుకుంటూనే ఉంటుంది. ఎదుగుదల జోరుగా ఉన్న కాలంలో పట్టీ వెడల్పు, మందగిస్తే సన్నం. తిండి దొరకనప్పుడు పొలుసులు కరగొచ్చు గానీ, చెవి రాయి చెక్కుచెదరదు.

చేపల తలలో రాళ్లుంటాయని, అలాంటి చేపలకు చలికాలం పడదని 2,300 ఏళ్ల కిందటే అరిస్టాటిల్ రాశాడు. ఆయన పేర్కొన్న చేపల్లో ఒకటి స్కియానా. మన కచిడిది ఆ కుటుంబమే. అక్కడి నుంచి 1759 దాకా చెప్పుకోదగ్గది తక్కువ. ఆ ఏడాది స్వీడన్ మతగురువు హాన్స్ హెడర్‌స్ట్రోమ్ చేప వెన్నుపూసల మీది వలయాలను బట్టి వయసు కట్టాడు. 1899లో జర్మనీకి చెందిన రైబిష్, ప్లేస్ అనే చదును చేప చెవి రాళ్లలో ఏటేటా పడే వలయాలను లెక్కించాడు.

ఈ చరిత్రలో నన్ను కట్టిపడేసిన ఘట్టం మాత్రం న్యూజిలాండ్, ఆస్ట్రేలియా సముద్రాల్లో జరిగింది. కిలోమీటరు లోతున, నీటి అడుగు కొండల చుట్టూ గుంపుకట్టే ఎర్రటి చేప ఆరెంజ్ రఫీ. మూరెడు పొడవుంటుంది. 1970ల చివర న్యూజిలాండ్‌లో దీని వేట మొదలైంది. గుడ్లు పెట్టే వేళ గుంపు మీద వల వేస్తే టన్నులకొద్దీ పడేది. చెవి రాయి పైపైన లెక్కపెట్టి ఇది ఇరవై ముప్ఫై ఏళ్లు బతుకుతుందనుకున్నారు. కానీ ముదిరిన చేపలో రాయి వెడల్పు పెరగదు, మందం పెరుగుతుంది. కొత్త వలయాలు లోపలి వైపు ఇరుకిరుకుగా పడతాయి. వాటిని చూడాలంటే రాయిని జిగురులో బిగించి, వజ్రపు అంచు రంపంతో పలచగా కోసి, సానబెట్టి సూక్ష్మదర్శిని కింద పెట్టాలి. అంత పెద్ద లెక్కను నమ్మనివాళ్లకు మరో సాక్ష్యం దొరికింది. సముద్రపు నీటి నుంచి రాయిలో చేరిన రేడియం క్రమంగా సీసంగా మారుతుంది. ఆ రెండింటి నిష్పత్తే గడియారం. 1991లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఆ లెక్క కట్టి, 38–40 సెంటీమీటర్ల చేపల వయసు 77 నుంచి 149 ఏళ్లని తేల్చారు. వాటిలో అందరికన్నా ముసలిది కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టకముందే పుట్టిన చేప అన్నమాట! గుడ్లు పెట్టే ఈడు రావడానికే ఈ జాతికి సుమారు ముప్ఫై ఏళ్లు. అప్పటికే గుంపులు తరిగిపోయాయి. 2006లో ఆస్ట్రేలియా దాన్ని సంరక్షణ జాబితాలో చేర్చింది.

చెవి రాళ్ల పరిశోధన ఇతర దారుల్లోనూ సాగింది. రాళ్లలో రోజువారీ గీతలు కూడా ఉంటాయని పన్నెల్లా అనే శాస్త్రజ్ఞుడు 1971లోనే చూపాడు. అణు పరీక్షల కార్బన్ జాడతో 1993లో కాలిష్ అనే పరిశోధకుడు వయసు లెక్కలను సరిచూశాడు. బంగ్లాదేశ్ ఇలసల చెవి రాళ్లలోని స్ట్రాన్షియంను బట్టి అవి నదికి, సముద్రానికి మధ్య తిరిగిన దారి గుర్తించారు. మన పులసదీ అదే జాతి. బంగాళాఖాతంలో గట్టి చలికాలం లేక ఏటి వలయాలు తేటగా పడవు. కాబట్టి కవ్వలు, కానాగుర్తల వంటి కొద్దికాలం బతికే చేపలకు రోజువారీ గీతలే దిక్కు. ఆ పని ఓపికతో, ఎక్కువ నమూనాలతో సాగాలి.

కాబట్టి రేవుల్లోని మత్స్యకారులకు నా విన్నపం ఒక్కటే. పరిశోధకులు వచ్చి చేప తల అడిగితే కాదనకండి. వయసు తెలియకుండా ఎంత పట్టాలో నిర్ణయిస్తే నష్టపోయేది ముందుగా వేటనే నమ్ముకున్న మీరే.